సవా సమాధి మట్టి

పెద్ద దీవి నుంచి ఓడ వచ్చే రోజున షిహో అందరికంటే ముందు రేవుకి చేరాలి. మెట్ల దగ్గర వెడల్పాటి తొట్టి పెట్టి, దాన్నిండా సముద్రపు నీళ్ళు తోడాలి. పక్కనే గోనెపట్టా తడిపి పరవాలి. బ్రష్షులు కడిగి వరసగా పెట్టాలి. ఆ తర్వాత ఓడ దిగిన ప్రతి మనిషి ముందూ వంగి, చెప్పులు విప్పించి, అడుగున గాట్లలో ఇరుక్కున్న మట్టిని పుల్లతో తీసి, తోమించి, ఉప్పునీళ్ళలో ముంచాకే ఊళ్ళోకి వదలాలి. బడి చదువైపోయాక ఆమె చేరిన ఉద్యోగం ఇదే, ఇప్పటికీ ఇదే. లోకంలో అందరూ మనుషుల్ని మొహం చూసి గుర్తుపడితే షిహో అరికాలు చూసి గుర్తుపడుతుందని, రేవులో ఓడ తాళ్ళు కట్టే కుమెదా మామయ్య ఎగతాళి చేస్తుంటాడు.

ఆ రోజు మొదట దిగింది తత్సు పిన్ని. పెద్ద దీవిలో కొడుకింటికి వెళ్ళి వస్తోంది.

"ఏమే, పోయినసారి కడిగిన కాళ్ళేగా ఇవి! మళ్ళీ కడుగుతావా?" అంది, మెట్టు మీద చతికిలబడుతూ.

"మధ్యలో మీ కోడలి పెరట్లో తిరగలేదూ? కాలెత్తు పిన్నీ."

"నా కాళ్ళదేముంది, దాని నోరు కడిగి పంపితే ఊరంతా నీకు దండం పెడుతుంది."

"నోటికి ఉప్పునీళ్ళు పనిచెయ్యవు" అన్నాడు కుమెదా, తాడు లాగుతూ. "నేను మా ఆవిడ మీద ప్రయత్నించాను."

జనం నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు మధ్యలో, అందరి వెనకా, ఇవాకిచి దిగాడు. షిహో తండ్రి. ఎనభై దాటిన మనిషి, పెళ్ళిళ్ళకీ చావులకీ మాత్రమే తీసే నల్ల కోటు వేసుకున్నాడు. మెడలోంచి తెల్లటి గుడ్డలో కట్టిన చిన్న పెట్టె గుండెల మీదికి వేలాడుతోంది. దాన్ని చూడగానే నవ్వులు ఆగిపోయాయి. కుమెదా టోపీ తీసి తల వంచాడు. తత్సు పిన్ని తడి కాళ్ళతోనే లేచి నిలబడింది.

ఆ పెట్టెలో ఉన్నదెవరో అందరికీ తెలుసు. షిహో అక్క సవా. షిహో పుట్టకముందు, వాళ్ళు పెద్ద దీవిలో కాపురమున్న రోజుల్లో, మాటలు వచ్చీరాని వయసులో జ్వరంతో పోయింది. ఆ కాలంలో అక్కడ మట్టిలోనే పెట్టేవాళ్ళు. తర్వాత చేపల వేట బాగుంటుందని ఇవాకిచి ఈ చిన్న దీవికి వచ్చేశాడు. పిల్ల అక్కడే ఉండిపోయింది. కిందటేడు తల్లి తోమియె పోతూ పోతూ ఒక్కటే అడిగింది. "దాన్ని తెచ్చి నా పక్కన పెట్టండి. చీకటంటే భయం దానికి. ఇన్నేళ్ళూ ఒక్కత్తే ఉంది."

అందుకే ఇవాకిచి వెళ్ళి, సమాధి తవ్వించి వచ్చాడు. రేపు పొద్దున తోమియె సమాధి రాయి ఎత్తి, తల్లి అస్థికల పక్కన పిల్లని పెట్టాలి. మంత్రం చదవడానికి గురువుగారు కూడా అదే ఓడలో దిగారు.

షిహో తండ్రి ముందు వంగింది. చెప్పులు విప్పింది. శుభ్రంగానే ఉన్నాయి, ఆయన ఓడలోనే తోముకున్నట్టున్నాడు. కానీ చేతుల వైపు చూస్తే గోళ్ళ కింద నల్లగా ఉంది.

"ఎముకలు దొరికాయా నాన్నా?"

"ముందు నీ పని కానీ."

కాళ్ళు కడిగింది. గోళ్ళు కూడా పుల్లతో తీసి, చేతులు తొట్టిలో ముంచింది. ఆయన పసిపిల్లాడిలా చేతులిచ్చాడు.

"దొరికాయా?"

"నీరూరే నేల. అంత చిన్న పిల్ల. ఏం మిగులుతాయి?"

"మరి పెట్టెలో?"

"దాని మట్టి."

షిహోకి ఆ సంగతి తెలియక కాదు. పాత సమాధి కదిలించినప్పుడు ఎముకలు కరిగిపోయి ఉంటే, ఆ చోటి మట్టి పిడికెడు తెచ్చుకుంటారు. పెద్దల కాలం నుంచీ అంతే. ఆ మట్టే మనిషి. మెడలో వేసుకుని తెస్తారు, దానికే మొక్కుతారు, దాన్నే కొత్త సమాధిలో పెడతారు. తెలుసు కాబట్టే ఆయన వెళ్ళే ముందు చెప్పింది, ఎముకలైతే కడిగి తీసుకురా, మట్టి మాత్రం వద్దని. ఆయన అప్పుడు ఊఁ అన్నాడు.

"మట్టి దిగనివ్వను నాన్నా. నీకు తెలుసుగా. పెట్టె ఇలా పెట్టు."

"ఎక్కడ? ఊళ్ళోవాళ్ళ చెప్పులు తోమే బల్ల మీదా?"

"నేను శుభ్రంగా తుడిచి—"

"మీ అమ్మ కూతురివేనా నువ్వు?" ఆయన గొంతు పెద్దది కాలేదు. అదే షిహో భరించలేకపోయింది. "నీ అక్కని కూడా బ్రష్షుతో తోముతావా?"

తత్సు పిన్ని దగ్గరికొచ్చి, "పోనీయవే. మూత వేసే ఉందిగా. ముసలాయన" అంది లోగొంతుకతో.

"నేను తాళ్ళు చూసుకుంటున్నాను. నాకేమీ కనపడలేదు" అన్నాడు కుమెదా, సముద్రం వైపు తిరిగి.

తండ్రి రెండు చేతులతో పెట్టెని గుండెలకి అదుముకున్నాడు. షిహో ఆ చేతులనే చూసింది.

"సరే. నేరుగా ఇంటికి వెళ్ళు. గుడ్డ విప్పకు, మూత తియ్యకు. నేను వచ్చాక చూద్దాం."

ఇవాకిచి తల ఊపాడో, పెట్టె వైపు తల వంచాడో ఆమెకి తెలియలేదు. మెల్లగా రేవు దాటి వెళ్ళిపోయాడు.

సరుకు పెట్టెలు, కూరగాయల గంపలు, ఎవరిదో సైకిలు, అన్నీ చూసి కడిగేసరికి మధ్యాహ్నం దాటింది. చేతులు పనిచేస్తున్నాయి గానీ మనసంతా ఇంటి దగ్గరే ఉంది.

షిహో బడికి వెళ్ళే వయసులో పెద్ద దీవికి ఒక పురుగు వచ్చింది, రేవులో ఈ కడగడాలన్నీ దాని వల్లే. ఏ పూలకుండీలో, ఎవరి నారుమొక్క వేళ్ళలో వచ్చిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. వేలెడు పొడవు కూడా ఉండదు. నల్లటి నాడా ముక్క నేల మీద పడినట్టుంటుంది, అందుకే అందరూ నాడా పురుగంటారు. వీపు మధ్యన దారం పోగులా సన్నటి తెల్ల గీత. తల వైపు మొన తేలి, రెండు చుక్కలంత కళ్ళు. కాళ్ళుండవు, జిగురు మీద జారుతూ పోతుంది. నోరు తల దగ్గర కాదు, కడుపు మధ్యలో ఉంటుంది. ఎండంటే పడదు, ఉప్పంటే అసలే పడదు. పగలు రాళ్ళ కిందా పాత పలకల కిందా నక్కి, వాన పడితే బయటికొస్తుంది. నత్త వెళ్ళిన బంకదారి పట్టుకుని వెనకే వెళుతుంది. నత్త చెట్టెక్కితే ఇదీ చెట్టెక్కుతుంది. నత్త గుల్లలోకి ముడుచుకుంటే దీనికేం ఇబ్బంది లేదు. గుల్ల మీద పరుచుకుని, కడుపులోంచి తెల్లటి గొట్టం లోపలికి దింపి, మెత్తటిదంతా పీల్చేస్తుంది.

ఒకసారి పెద్ద దీవిలో మేనత్త ఇంట్లో తల్లి తోమియె దాన్ని చూసి కొడవలితో ముక్కలు చేసింది. "పోయింది పీడ" అంది. మేనత్త నెత్తి బాదుకుని, ఆ ముక్కలన్నీ సీసాలో వేసి చూపించింది. కొన్నాళ్ళకి ఒక్కో ముక్కకీ తల మొలిచింది. తల్లి ఆ సీసా వైపు చూసి, ఆ పూట అన్నం తినలేదు.

ఇప్పుడు పెద్ద దీవి అడవిలో నత్త అనేదే లేదు. బాట పక్కన తెల్లటి ఖాళీ గుల్లలు, ఎవరో బియ్యం ఒలకబోసినట్టు. చిన్న దీవిలో మాత్రం ఇంకా ఉన్నాయి. చిటికెన గోరంతవి, తేనె రంగువి, ఆకుల వెనక అంటుకుని పడుకుంటాయి. ఇంకెక్కడా లేవు ఆ రకం. తోమియె శ్మశానం వైపు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక ఆకు తిప్పి, "ఏమర్రా, ఇంకా నిద్రేనా" అని పలకరించేది. ఆమె సమాధి చుట్టూ ఉన్న పొదల్లో ఇప్పటికీ ఆకుకి రెండో మూడో ఉంటాయి.

షిహో ఇంటికొచ్చేసరికి ఇవాకిచి పెట్టెని తోమియె ఫొటో ముందు పెట్టి, దాని ముందు ఉడికించిన చిలగడదుంప పెట్టి కూర్చున్నాడు. కోటు విప్పలేదు.

"తిన్నావా?"

"అది తిననీ ముందు."

షిహో బార్లీ నీళ్ళు పోసిచ్చింది. పక్కన కూర్చుంది. ఆయన తాగేదాకా ఆగింది.

"నాన్నా, మట్టిని మంటలో పెట్టాలి. మూకుడులో వేసి, బాగా కాలేదాకా."

"వేరుశనక్కాయల్లా వేయిస్తావా దాన్ని?"

"అమ్మని మంటలో పెట్టలేదూ? నువ్వూ నేనూ పుల్లలతో ఎముకలు ఏరలేదూ? అక్కకి ఆ మర్యాద అప్పుడు జరగలేదు. ఇప్పుడు జరిపిద్దాం."

ఇవాకిచి పెట్టె తనే తీసుకుని, గుడ్డ ముడి విప్పాడు. ముడి కొత్తగా, వదులుగా ఉంది. షిహో దాన్ని గమనించింది గానీ అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

నేల మీద తెల్లటి పళ్ళెం పెట్టి, చుట్టూ ఉప్పుతో గీత గీసింది. మట్టి పళ్ళెంలో పోశాడు ఆయన. నల్లటి, తడి మట్టి, చల్లగా ఉంది. షిహో పుల్లతో కొంచెం కొంచెంగా విడదీసింది. ఒక వేరు ముక్క. ఒక గులకరాయి. ఎక్కడైనా చిన్న పన్ను కనపడుతుందేమోనని ఇద్దరూ చూస్తున్నారని ఇద్దరికీ తెలుసు. ఏమీ లేదు.

ఆ తర్వాత మట్టిలో మట్టే కదిలినట్టు కదిలింది. పళ్ళెం తెల్లటి అంచు మీదికి ఒక నల్లటి మొన వచ్చి, అటూ ఇటూ వాసన చూస్తున్నట్టు ఊగింది. వెనకే మిగతా ఒళ్ళు జారింది. వీపు మీద తెల్ల గీత.

ఇవాకిచి చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది. ఆ పెట్టె అంతసేపూ వేలాడిన చోటికి.

షిహో పొయ్యి మీంచి కెటిల్ తెచ్చింది.

"ఉండు" అన్నాడాయన.

"నాన్నా."

"దాంట్లో ప్రాణంతో ఉన్నది ఇదొక్కటే." ఆయన దాని మీంచి చూపు తిప్పలేదు. "అక్కడే పుట్టుంటుంది. ఆ మట్టి తిని... దాని మట్టి తిని పెరిగింది."

"ఇది మట్టి తినదు నాన్నా."

"నువ్వు అన్నీ తెలిసినదానివి. తెలుసులే."

కెటిల్ బరువుకి షిహో మణికట్టు లాగుతోంది. పురుగు అంచు దాటి, ఉప్పు గీత దగ్గరికొచ్చి, తాకీ తాకగానే ముడుచుకుని వెనక్కి తిరిగింది. ఆయన దాని వైపు చెయ్యి చాపాడు, పట్టుకోవడానికో ఆపడానికో. షిహో రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి, వేడినీళ్ళు పోసింది. అది చిన్న నల్ల ఉండైపోయింది. నీళ్ళల్లో కాస్త జిగురు తేలింది.

తండ్రి ఏడవలేదు. చిలగడదుంప పళ్ళేన్ని ఇంకొంచెం ఫొటో దగ్గరికి జరిపాడు. ఆమె వైపు చూడకుండానే, "షిహో, దారిలో మీ అమ్మ దగ్గర ఆగాను" అన్నాడు.

షిహోకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ముడి వదులుగా ఎందుకుందో.

"పెట్టె విప్పావా?"

"రేపటిదాకా ఎందుకు ఆగడమనిపించింది. ఇన్నేళ్ళు ఆగింది. ఒక్క చిటికెడు... రాయి పక్కన, పొద మొదట్లో వేసి, నీళ్ళు పోశాను. పిల్ల వచ్చేసిందే అని మీ అమ్మకి చెప్పాను."

"చిటికెడేనా?"

ఆయన అరచెయ్యి తెరిచి చూశాడు. "చిటికెడు కాదు" అన్నాడు.

షిహో మనుషుల్ని పిలవడానికి రేవు వైపు పరుగెత్తింది.

సాయంత్రానికి ఊరంతా శ్మశానంలోనే ఉంది. చేపలు ఊరబెట్టే కొట్టు నుంచి ఉప్పు బస్తాలు మోసుకొచ్చారు. సమాధుల మధ్య మూడు రాళ్ళు పెట్టి, పెద్ద డేగిసాల్లో నీళ్ళు కాచారు. ముందు షిహో, తత్సు పిన్ని, మరికొందరు ఆడవాళ్ళు తోమియె సమాధి చుట్టూ పొదల్లో ఒక్కో ఆకూ తిప్పి నత్తల్ని ఏరారు. మట్టి తాకని పై కొమ్మల్లోవే ఏరారు. కింది ఆకుల్లోవాటిని వదిలేయాల్సి వచ్చింది, వాటిమీద ఏం పాకి ఉందో తెలియదు కాబట్టి. తత్సు పిన్ని ఏరుతూ ఏరుతూ ముక్కు ఎగబీల్చుకుంటూనే ఉంది.

"నాదే తప్పు. పోనీయమన్నది నేనేగా. నా నోరు కడగాలి ముందు."

"వదిలింది నేను పిన్నీ" అంది షిహో.

తర్వాత పొదలు మొదలంటా నరికి అక్కడే కాల్చారు. నేల తవ్వి ఉప్పు కలిపారు. మిరియపు గింజంత పురుగు గుడ్ల సంచి ఒక్కటి మిగిలినా చాలు, అందుకే వేడినీళ్ళు కూడా పొయ్యాలి. ఎవరూ ఇవాకిచిని నిందించలేదు. ఆయన వైపు చూడకుండా పనిచేశారు, అంతే. అది నిందకంటే తక్కువేమీ కాదు.

ఆ మౌనం కుమెదా భరించలేకపోయాడు. "ఇన్ని వేడినీళ్ళు చూస్తే మా అమ్మ ఆ మూల సమాధిలోంచి తువ్వాలు వేసుకుని లేచొస్తుంది. స్నానమంటే పడి చచ్చేది" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఇవాకిచి ముందుకొచ్చి, "నేను పోస్తాను" అన్నాడు.

డేగిసా దించారు. పెద్ద చెంబుతో నేల మీద పొయ్యమని చెప్పారు. ఆయన చెంబు తీసుకోలేదు. సమాధుల దగ్గర ఎప్పుడూ వాడే పొడుగు కాడ కర్ర గరిటె తీసుకున్నాడు. అలవాటు ప్రకారం రాయి తలమీంచి పోశాడు, పండగ రోజుల్లో పెళ్ళానికి చల్లటి నీళ్ళు పోసినట్టే. రాతి మీంచి ఆవిరి లేచింది.

"కాలుతుంది. కాస్త ఓర్చుకో" అన్నాడు రాయితో. "నేనే. ఇంకెవరూ కాదు."

మళ్ళీ ముంచాడు. మళ్ళీ పోశాడు. నీళ్ళు అక్షరాల మీంచి కారి, ఉప్పు కలిసిన నేల మీద బుసబుస పొంగాయి. చెంబు అయితే త్వరగా అయిపోయేది. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు.

మర్నాడు పొద్దున ఆయనే మూకుడు పొయ్యి మీద పెట్టి, సవా మట్టిని కాల్చాడు. ఎర్రబడేదాకా కలుపుతూ కూర్చున్నాడు. చల్లారాక ఆయన ఒక పుల్ల, షిహో ఒక పుల్ల పట్టుకుని, మట్టి బెడ్డల్నే ఎముకల్లా ఏరి పెట్టెలో వేశారు. గురువుగారు మంత్రం చదివారు. రాయి ఎత్తి, తల్లి పక్కన పిల్లని పెట్టారు. చుట్టూ నల్లగా కాలిన నేల, తెల్లటి ఉప్పు. అగరుబత్తి పొగ తప్ప అక్కడ మెత్తనిదేమీ లేదు.

ఏరిన నత్తల్ని షిహో ఇంట్లో గాలి ఆడే డబ్బాల్లో, ఆకుల మధ్య పెట్టింది. శ్మశానం చుట్టూ అడవి అంచున చెక్క పలకలు పరిచింది. ఆ పురుగు ఉంటే పలక కింద చేరుతుంది. ప్రతి వాన తర్వాతా వెళ్ళి ఒక్కో పలకా ఎత్తి చూసేది. ఇవాకిచి కూడా వచ్చేవాడు. రానని ఎప్పుడూ అనలేదు. అరికాళ్ళు ఉప్పునీళ్ళలో ముంచుకుని, ఆమె వెనకే వచ్చి, పలక ఎత్తేటప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకునేవాడు. "ఏమన్నా ఉందా?" అనేవాడు. "లేదు నాన్నా" అనేది. అప్పుడు తిరిగి చూసేవాడు.

చలికాలం అలాగే గడిచింది. రేవులో మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. తత్సు పిన్ని ఇవాకిచికి ఊరగాయ చేప పంపడం మళ్ళీ మొదలుపెట్టింది.

పెద్ద వానలు పట్టిన తర్వాత ఒక పొద్దున, ఇద్దరూ గొడుగుల కింద వెళ్ళారు. నేలంతా మెత్తగా నీళ్ళు ఊరుతోంది. ఉప్పు చల్లిన చోటికి చాలా పైన, వాలు మీద, ఎవరూ అనుమానించని చోట ఉన్న పలక ఎత్తింది షిహో. పలక అడుగున నాడా ముక్కలా అంటుకుని ఉంది. లావుగా, నున్నగా, వీపు మీద తెల్ల గీతతో. పక్కనే ఒక తేనె రంగు గుల్ల. ఖాళీది.

"ఏమన్నా ఉందా?" అన్నాడు ఇవాకిచి, మొహం తిప్పుకునే.

షిహోకి లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ పలక అలాగే దించేస్తే ఈ ఒక్క పొద్దు ఆయనకి మిగులుతుంది.

"ఉంది నాన్నా."

ఆయన తిరిగాడు. వంగి చూశాడు. 

"ఒకటేనా?"

"ఇక్కడ ఒకటి."

 షిహో సంచిలోంచి ఉప్పు తీసి దాని మీద పోసింది. అది ముడుచుకుని కరిగిపోవడం ఈసారి ఆయన చివరిదాకా చూశాడు. అయ్యాక షిహో పైకి, అడవి వైపు చూసింది. కొండంతా తడిసి నిగనిగలాడుతోంది. ఆ ఆకుల వెనక ఎన్ని నత్తలున్నాయో, వాటి బంకదారులు పట్టుకుని ఏవి ఎక్కుతున్నాయో చెప్పగలిగేవాళ్ళు లేరు. రేపు కుమెదాకి చెప్పాలి, ఊళ్ళో చెప్పాలి. పెద్ద దీవికి కబురు పంపాలి. అవన్నీ తర్వాత.

ఆమె దగ్గర్లోని కొమ్మ వంచి, ఒక ఆకు తిప్పింది. రెండు నత్తలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. వేలి కొసతో మెల్లగా ఊడదీసింది. పెట్టుకోవడానికి ఏమీ తేలేదు, డబ్బాలన్నీ ఇంట్లో ఉన్నాయి. అటూ ఇటూ చూసింది.

ఇవాకిచి గొడుగు మూసి కింద పెట్టాడు. తలమీది టోపీ తీసి, రెండు చేతులా పట్టుకుని, వానలో ఆమె ముందు చాపాడు.

షిహో ఆ రెండింటినీ టోపీలో పెట్టింది. పక్క ఆకు తిప్పింది.